లెన్సులో బూజు

(కెమెరా సంచి - 9)

ఆ ఫోటోలో ముగ్గురు మనుషులున్నారు. తీసింది నేనే కాబట్టి నాకు తెలుసు. చూసేవాళ్ళకి మాత్రం ముగ్గురున్నారని తెలుస్తుంది గానీ, ఎవరో తెలియదు.

పోయినేడు వానాకాలం చివర్లో మా గుంటూరు వైపు ఒక ఊరికి నిజనిర్ధారణకి వెళ్ళాం. మనవాళ్ళ శ్మశానానికి పోయే దారికి అడ్డంగా సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగేశారు. శవాన్ని మోసుకెళ్ళాలంటే పొలం గట్ల మీద బురదలో పడుతూ లేస్తూ నడవాలి. మేం వెళ్ళేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. కంచె పక్కన ముగ్గురు నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి కదల్లేదు. ఒకాయన చేతిలో సిగరెట్టు కూడా ఆర్పలేదు.

పేట కంచెకి తూర్పున ఉంది. అంటే నేను పడమటికి తిరిగి తియ్యాలి. పొద్దు సరిగ్గా వాళ్ళ వెనక ఉంది. అయినా పదకొండు ఫొటోలు తీశాను. కంచె, స్తంభాలు, మనుషులు, అన్నీ వచ్చాయనుకున్నాను.

రాత్రి కంప్యూటర్లో వేసి చూస్తే గుండె జారిపోయింది. బొమ్మ మీద పల్చటి మజ్జిగ పోసినట్టుంది. నలుపు నల్లగా లేదు, బూడిద రంగుకి దిగిపోయింది. ముగ్గురి ముఖాలూ ఆ తెల్లదనంలో కరిగిపోయాయి. పదకొండింటిలోనూ అదే వరస. ఎదురు వెలుగులో తీస్తే ముఖాలు కొంత నల్లబడతాయని నాకు తెలుసు. ఇది అది కాదు. ఇది పొగ.

శ్మశానం వాడుకోనివ్వకపోవడాన్ని 2015 సవరణలో అట్రాసిటీ చట్టంలో ప్రత్యేకంగా నేరం చేశారు. దర్యాప్తు డీఎస్పీ చెయ్యాలి. ఫిర్యాదుతో పాటు ఫొటోలు ఇచ్చాం. అక్కడి అధికారి తిప్పి తిప్పి చూసి, "మనుషులున్నారు సరే, ముఖాలేవయ్యా?" అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మన కుర్రాళ్ళలో ఒకడు, "అన్నా, సాఫ్ట్‌వేర్లో డీహేజ్ అని ఉంటుంది, ఒక్క గీత జరిపితే పొగంతా పోద్ది" అన్నాడు. జరిపి చూపించాడు. నిజంగానే ముఖాలు కొంత తేరుకున్నాయి. మా అడ్వకేటు అక్కకి పంపాం. ఆవిడ ఫోన్ చేసి తిట్టినంత పని చేసింది. "చదివే మనుషులేనా మీరు? రేపు కోర్టులో అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న, ఈ ఫొటోని మార్చారా అని. మార్చాం అని చెప్తారా? అసలు ఫైలు ముట్టుకోకుండా ఉంచండి" అంది. ఇప్పుడున్న సాక్ష్య చట్టంలో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఒక్క చుక్క మార్చినా ఆ విలువ మారిపోతుంది. మార్చిన ఫొటోని చూసుకోవడానికి వాడుకోవచ్చు, అసలు దాని స్థానంలో పెట్టకూడదు.

కాబట్టి ఫొటో తర్వాత దిద్దుకునేది కాదు. లెన్సులో నుంచి వచ్చేటప్పుడే శుభ్రంగా రావాలి. ఆ లెన్సునే నేను ఏడాదిగా సరిగ్గా చూళ్ళేదు.

ఆ రాత్రే లెన్సు ఊడదీశాను. ఎలా చూడాలో చెప్తాను, మీరూ చెయ్యండి. గదిలో లైటు ఆర్పండి. లెన్సు రెండు మూతలూ తీయండి. అపర్చరు రేకులు పూర్తిగా తెరవండి. ఫోన్ టార్చి వెనక వైపు నుంచి కొంచెం ఏటవాలుగా కొట్టి, ముందు వైపు నుంచి లోపలికి చూడండి. తర్వాత తిప్పి పట్టుకుని ఇంకోవైపు నుంచి చూడండి. నాలుగు ధూళి కణాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఏ లెన్సులోనైనా ఉంటాయి.

నాకు కనిపించింది ధూళి కాదు. లోపలి అద్దం అంచు నుంచి మధ్యకి పాకుతూ తెల్లటి సన్నటి దారాలు. కొమ్మలు వేసి, మళ్ళీ ఆ కొమ్మలకి కొమ్మలు వేసి. సాలెగూడు గాజులోకి దూరినట్టుంది.

మన తెలుగులో ఈ రెంటికీ ఒకటే మాట. ఇంటి మూలల్లో వేలాడేదీ బూజే, పచ్చడి మీద పట్టేదీ బూజే. లెన్సులో చూస్తే ఎందుకు ఒకే మాట పెట్టారో అర్థమైంది.

ఈ లెన్సు నాది కాదు. మా పెదనాన్న కొడుకు, మా అన్నది. నికాన్ 50 ఎంఎం 1.8. తెనాలిలో మొదట స్టూడియోలో బోయ్‌గా చేరి, తర్వాత సొంతంగా చిన్న గది పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు సైజులు, చర్చిలో బాప్తిస్మాలు. అవి కడుపు కోసం. ఎక్కడ దళిత సభ జరిగినా, ఎక్కడ మనవాళ్ళని కొట్టినా సొంత డబ్బులతో రీలు కొనుక్కుని వెళ్ళేవాడు. అది దేనికోసమో అడిగితే నవ్వేవాడు.

2016లో అన్న పోయాడు. వదిన కెమెరా సంచిని భద్రంగా అటక మీద పెట్టింది. మంచి తోలు సంచి, దాని మీద పాత దుప్పటి, పైన ప్లాస్టిక్ కవరు. ఆరేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. 2022లో నేను నిజనిర్ధారణలకి తిరుగుతుంటే ఆవిడే పిలిచి, "అబ్బాయ్, మీ అన్న సంచి ఊరికే ఉంది, తీసుకెళ్ళు" అంది. ఆ పాత లెన్సు నా డిజిటల్ కెమెరాకి సరిపోయింది. ముందు అద్దం తుడిచి వాడటం మొదలుపెట్టాను. లోపల చూడాలని తోచలేదు.

మరి ఏడాదిపాటు తెలియలేదేం అంటారా? ఫంగస్ ఫొటోలో సాలెగూడులా కనబడదు. అద్దానికి అంటుకుని ఉన్నది ఫోకస్‌లోకి రాదు. వెలుగు వెనక నుంచి వచ్చేటప్పుడు, గదుల్లో తీసేటప్పుడు, బొమ్మ బాగానే ఉంటుంది. ఎదురు వెలుగు పడినప్పుడే ఆ దారాల మీద కాంతి చెదిరి బొమ్మంతా పొగ కమ్ముతుంది. సభలు, ఇంటర్వ్యూలు అన్నీ బాగా వచ్చాయి. అసలు అవసరమైన రోజున చేతులెత్తేసింది.

ఇది ఎందుకు పడుతుందో తెలుసుకోండి. ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. లెన్సు సీసా మూత కాదు, ఫోకస్ తిప్పినప్పుడల్లా కొంచెం గాలి లోపలికి పోతూనే ఉంటుంది. బీజం లోపలికి పోకుండా ఆపలేం. అది మొలకెత్తడానికి తేమ కావాలి, చీకటి కావాలి, కదలని గాలి కావాలి. గాలిలో తేమ అరవై, అరవై అయిదు శాతం దాటి రోజుల తరబడి ఉంటే చాలు. తిండికి ఇంత ధూళి, ఇంత వేలి జిడ్డు సరిపోతాయి. పెరిగేటప్పుడు ఆమ్లాలు వదులుతుంది. అవి ముందు గాజు మీది పూతని తింటాయి, తర్వాత గాజునే తింటాయి.

ఇప్పుడు వదిన ఇల్లు చెప్తాను. పేటకి చివర, మురుగు కాలవ పక్కన. వానొస్తే వాకిట్లో నీళ్ళు నిలుస్తాయి. గోడలు అడుగు ఎత్తు వరకు ఎప్పుడూ చెమ్మే. డెల్టాలో మన పేటలు చాలావరకు ఇలాగే పల్లంలో, కాలవ గట్టునో చెరువు కిందో ఉంటాయి. మెరక ఎవరికి, పల్లం ఎవరికి అన్నది మన తాతలు ఎంచుకున్నది కాదు. ఊళ్ళో మేడ మీద బీరువాలో ఆరేళ్ళున్నా ఆ లెన్సుకి బూజు పట్టి ఉండొచ్చు, పట్టకపోయి ఉండొచ్చు. ఆ అటక మీద మాత్రం పట్టక తప్పదు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు ముందు ఒక పెద్ద సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గరే టార్చి కొట్టి చూసి, "ఫంగస్ కేసులు మేం తీసుకోం సర్, కొత్తది కొనుక్కోండి, దీనికి పెట్టే ఖర్చు దండగ" అన్నారు. ధర లెక్కన చూస్తే తప్పేం కాదు. ఆ లెన్సు పాతది సెకండ్ హ్యాండ్‌లో చవకగానే దొరుకుతుంది. మా అన్న చెయ్యి పడింది మాత్రం దొరకదు.

కోఠీ గుజరాతీ గల్లీ వైపు అడుక్కుంటూ పోతే, ఒక మెట్ల కింద గదిలో ముసలి మెకానిక్ దొరికాడు. ముక్కు మీద కంటికి బిగించే భూతద్దం. లెన్సు చూసి, "బేటా, ఎన్నేండ్లు మూసి పెట్టినవ్ దీన్ని?" అన్నాడు. ఆరేళ్ళన్నాను. "తోలు సంచిలనా?" అన్నాడు. అవునన్నాను. నవ్వి స్టూలు చూపించాడు.

ఆయన చేతులు చూస్తూ గంటన్నర కూర్చున్నాను. ముందు భాగంలో పేరు రాసిన రింగు ఉంటుంది. రబ్బరు ముక్క ఒత్తి తిప్పితే ఊడి వచ్చింది. తర్వాత రెండు మొనల పనిముట్టు గాడిలో పెట్టి లోపలి రింగులు విప్పాడు. తీసిన ప్రతి అద్దానికీ అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. "ఏ మొఖం ముందుకున్నదో మరిస్తే ఖతం" అన్నాడు. ఆరు అద్దాల చిన్న లెన్సు ఇది. అదే జూమ్ లెన్సయితే లోపల సంసారం చాలా పెద్దది. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని మొదలెట్టకండి.

అపర్చరు రేకుల పక్కనున్న అద్దం మీద మూడు మచ్చలు. హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా ఒక గాజు గిన్నెలో కొద్దిగా కలిపాడు. ఘాటు ముక్కుకి తగిలింది. కిటికీ తీసే ఉంది. లెన్సు తుడిచే కాగితాన్ని అందులో తడిపి మధ్య నుంచి అంచుకి ఒక్కసారి, కాగితం పడేసి కొత్తది, మళ్ళీ మధ్య నుంచి అంచుకి. రుద్దటం అన్నది లేదు. చివర ఆల్కహాలుతో తుడిచి దీపానికి పట్టి చూశాడు. రెండు మచ్చలు పోయాయి. మూడోది ఉంది.

మళ్ళీ తుడిచాడు. ఉంది.

"జీవం పోయింది. గుర్తు ఉన్నది" అన్నాడు. "పూతని తినేసింది. ఇంక పెరగదు. కానీ పోదు కూడా. నువ్వు మూడేండ్ల ముందు తెస్తే ఇది కూడా పోతుండె."

ఎదురు వెలుగులో ఇప్పుడు ఎలా వస్తుందని అడిగాను. "బాగానే వస్తది. ముందుకు హుడ్ పెట్టు. సూర్యుడితోని కొట్లాడకు" అన్నాడు. ఎనిమిది వందలు తీసుకున్నాడు. లెన్సుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తూ తోలు సంచి వంక చూసి, "ఇది ఫంగస్‌కి అత్తగారిల్లు" అన్నాడు.

ఆ మాటకి మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా తాత తోలు ఊనేవాడు. సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ. నాయనమ్మ చెప్తుండేది, తోలుని తడిమీద చుట్టి పెడితే బూజు, ఎండలో మరిచిపోతే పగులు, రెంటికీ మధ్యన నీడలో గాలి తగిలేలా ఆరెయ్యాలి అని. లెన్సుకి నిపుణులు చెప్పే లెక్క కూడా ఇదే. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండాలి. మరీ ముప్ఫై లోపుకి దింపితే లోపలి గ్రీజు ఎండి పోకడ చెడుతుంది. మా ఇంట్లో మూడు తరాల కిందటే ఉన్న తెలివి ఇది. నేను చదువుకుని మర్చిపోయాను.

బస్సులో తిరిగొస్తుంటే ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. కథంతా విని, "భలే ఉంది అన్నా, కులం కూడా ఫంగస్ లాంటిదే అని రాసెయ్" అన్నాడు. రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. మనం ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు అనలేదు, బూజుపట్టిన భావజాలం అని. నేనూ అన్నాను. ఆ రోజు నుంచి మానేశాను.

ఎందుకంటే బూజు వాడని వస్తువుకి పడుతుంది. మూలన పడేసి మరిచిపోయినదానికి పడుతుంది. కులాన్ని ఎవరు మూలన పడేశారు? పొద్దున్న లేస్తే పెళ్ళి సంబంధంలో వాడుతున్నారు, అద్దె ఇంటి దగ్గర వాడుతున్నారు, శ్మశానం దారిలో స్తంభం పాతడానికి వాడుతున్నారు. రోజూ తోమిన రాగి చెంబులా మెరుస్తోంది. పైగా ఫంగస్‌కి ఉద్దేశం లేదు, దానికి చెమ్మ చాలు. ఆ కంచె వేసినవాళ్ళకి పేర్లున్నాయి, ఉద్దేశం ఉంది. కులాన్ని బూజు అంటే వాళ్ళని తప్పించినట్టే.

మరి బూజు పట్టేది దేనికి? మన దగ్గరున్న వాటికి. అటక మీదున్న మన సాక్ష్యాలకి.

లెన్సు బాగయ్యాక వదినని అడిగాను, అన్న సామాను ఇంకేమైనా ఉందా అని. "మంచం కింద రేకు పెట్టె ఉంది, రీళ్ళు ఏవో" అంది. లాగి మూత తీయగానే వాసన తెలిసిపోయింది. నెగెటివులు. కాగితం కవర్లలో చుట్టలుగా. ఒక కవరు మీద అన్న రాత, "చీరాల, 85".

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపాక, మనవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. అక్కడి శిబిరంలోనే ఉద్యమం పుట్టింది. అన్నకి అప్పుడు ఇరవయ్యొక్కేళ్ళు. స్టూడియో యజమానికి చెప్పకుండా కెమెరా పట్టుకుపోయాడని ఇంట్లో అందరికీ తెలిసిన కథే. ఆ రీలు ఇంకా ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

వెలుగుకి పట్టి చూశాను. అన్నం కోసం వరసలో నిలబడిన మనుషులు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. చాలా ఫ్రేముల్లో ముఖాల మీద అవే తెల్లటి కొమ్మలు. నెగెటివు మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. గాజుని తినడానికి ఫంగస్ ఎన్నో ఏళ్ళు కష్టపడాలి, జెలటిన్ దానికి వడ్డించిన విస్తరి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫంగస్ పట్టిన నెగెటివుని నీళ్ళతో కడగొద్దు. ఫంగస్ పట్టిన జెలటిన్ నీటికి కరిగిపోయే గుణం తెచ్చుకుంటుంది. కడిగితే బూజుతోపాటు బొమ్మ కూడా జారిపోతుంది. ముందు ఉన్నది ఉన్నట్టు స్కాన్ చెయ్యండి. తర్వాతే పొడిగా మెత్తటి బ్రష్‌తో, అవసరమైతే నీళ్ళు కలవని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, అదీ ఒక మూల పరీక్ష చేసి.

స్కాన్ చేసి వదినకి కంప్యూటర్లో చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక ఫ్రేములో చేతిలో పళ్ళెంతో నిలబడిన ఆమెని గుర్తుపట్టింది. ముఖం సగం పోయింది. "చెయ్యి చూసి చెప్తున్నాను, ఆ గాజులు నాకు తెలుసు" అంది. పేరు చెప్పింది, ఏ ఇంటి ఆడపడుచో చెప్పింది. రాసుకున్నాను. ఇంకో ఇద్దరిని ఎంత చూసినా పట్టలేకపోయింది. "మీ అన్న ఉంటే చెప్పేవాడు" అంది. అంతే, ఇంక ఆ ఇద్దరి పేర్లు చెప్పేవాళ్ళు మాకు తెలిసి లేరు.

చుండూరు సంగతి మీకు తెలుసు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏ సమయంలో చేశారు, ఇవి ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. అంత మంది కళ్ళారా చూసి చెప్పినా ఆ మూడు ప్రశ్నల దగ్గరే మనల్ని ఆపుతారు. మనం తీసే ప్రతి ఫొటో ఆ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అందుకే లెన్సు గురించి ఇంత రాయడం.

చెయ్యాల్సింది ఏమంత ఖర్చు కాదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి. రంగు మారే సిలికా జెల్ పావు కిలో. చిన్న తేమ మీటరు, కొన్ని వందల్లో దొరుకుతుంది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే చెమ్మ తాగేశాయని అర్థం, సన్నసెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి. ఆ మూకుడు వంటకి వాడొద్దు. బియ్యం డబ్బాలో కెమెరా పెట్టకండి, ఆ పిండి ధూళి ఫంగస్‌కి తిండి. తోలు సంచిలో దాచకండి. వానలో తిరిగొచ్చాక తడి కెమెరాని అలాగే డబ్బాలో మూయకండి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఫంగస్ పట్టిన లెన్సుని విడిగా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, వారానికోసారైనా బయటికి తీసి వాడండి. నెలకోసారి టార్చి కొట్టి చూడండి. ఫొటో కవరు మీద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆ రోజే రాయండి.

ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి పొద్దున్నే, పొద్దు నా వీపు వెనక ఉండేలా. ముగ్గురూ లేరు. ఉంటారని అనుకోలేదు కూడా. కంచె తీసేశారు. స్తంభాలు పీకిన గుంటలు మాత్రం వరసగా ఉన్నాయి, కొత్త మట్టితో. పక్కన స్కేలు పెట్టి ప్రతి గుంటనీ తీశాను. అంచుల్లో గడ్డిపోచ కూడా స్పష్టంగా వచ్చింది. కేసు నడుస్తోంది. ఆ ముగ్గురెవరో పేటలో నలుగురు పేర్లతో సహా చెప్పారు. నా ఫొటో చెప్పలేకపోయింది.

మీ ఇళ్ళలో కూడా అటక మీదో, మంచం కిందో ఒక సంచి ఉంటుంది. నాన్నదో, బాబాయిదో, ఎప్పుడో ఉద్యమంలో తిరిగిన అక్కదో. ఈ ఆదివారం దించండి. మూత తీయండి. గుర్తుపట్టే పెద్దవాళ్ళు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు రాయండి.

వచ్చే భాగంలో ఆ రేకు పెట్టెలో దొరికిన మిగతా రీళ్ళ గురించి.

జై భీమ్.